వీడియోకు ధ్వని: మైకు ఎంపిక, వాడకం

ఈ పాఠం చదివిన తరువాత మీ ప్రాజెక్టు వీడియోకు ఎలాంటి మైకు కావాలో మీరే నిర్ణయించుకోగలుగుతారు. ఉన్న మైకును ఎక్కడ పెట్టాలో, ధ్వని మట్టాన్ని ఎంతలో ఉంచాలో, గదిని ఎలా సిద్ధం చేసుకోవాలో తెలుసుకుంటారు. విడిగా రికార్డు చేసిన ధ్వనిని దృశ్యంతో కలపడం గురించి కూడా కొంత చర్చిస్తాం. ఈ పాఠానికి భౌతికశాస్త్రం చదివి ఉండనవసరం లేదు. ఒక ఫోను, ఒక జత ఇయర్‌ఫోన్లు దగ్గర ఉంచుకొని చదివితే చాలు.

1. పరిచయం

సుమారు ఇరవై ఏళ్ళ కిందట, నేనింకా ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఒక వృద్ధ హరికథా భాగవతారుతో ముఖాముఖి చిత్రీకరించడానికి కోస్తాలోని ఒక పల్లెకు వెళ్ళాను. ఆయనకు అప్పటికే ఎనభై దాటాయి. కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, ఆయన కూర్చున్న మంచం, వెనక గోడకు వేలాడుతున్న చిడతలు, కిటికీలోంచి పడే వెలుతురు అన్నీ చట్రంలో ఇమిడేలా పది అడుగుల దూరం జరిగాను. ఎండాకాలం కాబట్టి పైన పంకా తిరుగుతోంది. ఆయన దాదాపు రెండు గంటలు మాట్లాడారు. గురువుగారింట నీళ్ళు మోస్తూ కథ ఎలా నేర్చుకున్నదీ, ఏ ఊళ్ళో ఎన్ని రాత్రులు చెప్పిందీ, ఏ రాగం ఏ ఘట్టానికి ఎందుకు వాడేవారో కూడా చెప్పారు.

ఇంటికొచ్చి టేపు పెట్టి చూస్తే బొమ్మ అద్భుతంగా ఉంది. మాట మాత్రం లేదు. పంకా హోరు, గది మోత, వాటి మధ్య అక్కడక్కడా తేలే ఒకటి రెండు పదాలు మాత్రమే వినిపించాయి. మళ్ళీ వెళదామనుకున్నాను. పరీక్షలు, మూల్యాంకనం అంటూ ఎనిమిది నెలలు గడిచిపోయాయి. ఈలోగా ఆయన కాలం చేశారు. కొన్నాళ్ళకు ఆయన మనవరాలు ఆ టేపు నకలు అడిగి తీసుకుంది. వారం తరువాత ఫోను చేసి, "మాస్టారూ, తాతయ్య ఏమంటున్నారో మీకేమైనా గుర్తుందా?" అని అడిగింది. నాకు గుర్తున్నది ఒకటి రెండు పేజీలకు మించలేదు.

ఆ కెమెరా మంచిదే. ఆ రోజు నాకు తెలియని నాలుగైదు విషయాలు ఉన్నాయి. ఈ పాఠంలో ఉన్నవి అవే.

మన సినిమాల్లో చాలాకాలం మాటలను తరువాత స్టూడియోలో డబ్బింగు చేయడమే వాడుక. 2001లో వచ్చిన హిందీ చిత్రం 'లగాన్' వంటివి చిత్రీకరణ స్థలంలోనే మాటలు రికార్డు చేసి పేరు తెచ్చుకున్నాయి. సినిమావాళ్ళకు ఈ రెండు దారులూ ఉన్నాయి. మీరు తీసే ముఖాముఖికి, జానపద కళారూపాల నమోదుకు, ఊరి చరిత్ర వీడియోకు ఒక్కటే దారి ఉంది. ఎనభై ఏళ్ళ అవ్వను స్టూడియోకు పిలిపించి, ఆ రోజు అన్న మాటనే మళ్ళీ అలాగే అనమని అడగలేం కదా.

2. దూరం

మైకు ధర ఎంత అన్నది తరువాత చూసుకోవచ్చు. మాట్లాడేవారి నోటికి అది ఎంత దూరంలో ఉందన్నది ముందు చూడాలి. ఈ క్రమాన్ని తారుమారు చేసినవారే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు.

ఆరుబయట ఒక మనిషి మాట్లాడుతుంటే, దూరం రెట్టింపైన ప్రతిసారీ మనకు అందే ధ్వని మట్టం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. నోటికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకును 60కి, అక్కడినుంచి 120కి, 240కి జరిపితే మూడు రెట్టింపులు. అంటే 18 డెసిబెల్స్ పోయాయి. ఇక్కడ ఒక సందేహం రావచ్చు: తగ్గిన ధ్వనిని తరువాత పెంచుకోవచ్చు కదా? పెంచవచ్చు. కాని పంకా హోరు అలా తగ్గలేదు. మైకు ఎక్కడున్నా గదిలో ఆ హోరు దాదాపు ఒకేలా ఉంటుంది. మాటను పెంచినప్పుడు హోరూ అంతే పెరుగుతుంది. మాటకూ హోరుకూ మధ్య ఉన్న తేడాను రికార్డింగు సమయంలోనే సంపాదించుకోవాలి. ఆ తేడాను తెచ్చేది మైకును దగ్గరకు జరపడమే.

ఒకసారి చేసి చూడండి. పంకా తిరుగుతున్న గదిలో ఫోనులోని వాయిస్ రికార్డరు తెరిచి, ఫోనును నోటికి జానెడు దూరంలో పట్టుకొని పది వాక్యాలు చదవండి. తరువాత ఫోనును గదికి అవతలి చివర పెట్టి, అదే గొంతుతో అవే వాక్యాలు చదవండి. ఇయర్‌ఫోన్లతో రెండూ వినండి. వెయ్యి రూపాయల మైకుకూ పదివేల మైకుకూ మధ్య మీకు వినిపించే తేడా కన్నా ఈ రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటుంది.

నా టేపు విషయంలో ఇంకొక దోషం కూడా కలిసింది. ఆ కెమెరా ధ్వని మట్టాన్ని తనంతట తానే సర్దుకునేది. మనిషి మాట ఆపగానే, ధ్వని తక్కువైందనుకొని గ్రహణశక్తిని పెంచేస్తుంది. అప్పుడు పంకా హోరు పైకి ఉబుకుతుంది. మళ్ళీ మాట మొదలుకాగానే దించేస్తుంది. అందుకే ఆ టేపులో హోరు ఊపిరి తీస్తున్నట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మీ ఫోను కూడా మామూలుగా ఇలాగే చేస్తుంది.

3. గది

నోటినుంచి వెలువడిన ధ్వని మైకుకు నేరుగా చేరుతుంది. దాని వెనకే గోడలకు, పైకప్పుకు, గచ్చుకు తగిలి తిరిగివచ్చిన ధ్వని కూడా చేరుతుంది. ఈ రెండోదాన్నే ఈ పాఠంలో గది మోత అంటున్నాం. మైకు దగ్గరగా ఉంటే నేరుగా వచ్చేది ఎక్కువ, దూరమైతే మోతదే పైచేయి.

తెలుగుకు ఈ మోతతో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మనది అజంత భాష. మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి. మాటలో బలమంతా అచ్చుల్లో ఉంటుంది, అర్థాన్ని వేరుచేసే పని మాత్రం ఎక్కువగా హల్లులు చేస్తాయి. 'పాడు', 'తాడు', 'కాడు' అనే మాటలు చూడండి. తేడా అంతా మొదటి హల్లులోనే ఉంది, అది సెకనులో చిన్న భాగం మాత్రమే వినిపిస్తుంది. ముందుమాట చివరి అచ్చు గదిలో ఇంకా మోగుతుంటే, తరువాతి మాట మొదటి హల్లు దాని కింద మునిగిపోతుంది. వింటున్నవారికి గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు.

టైల్స్ వేసి, సున్నం గోడలు తప్ప ఏమీ లేని కొత్త గది రికార్డింగుకు పనికిరాదు. పాత పెంకుటింట్లో మంచం, పరుపు, బట్టల దండెం, ధాన్యం బస్తాలు ఉన్న గది ఎంతో నయం. మెత్తనివి, ఎగుడుదిగుడుగా ఉన్నవి ధ్వనిని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. మీకు దొరికింది ఖాళీ గదే అయితే నేలమీద బొంతలు పరవండి, కెమెరాకు కనిపించని పక్క తాడు కట్టి రగ్గులు వేలాడదీయండి. గది మధ్యలో కాకుండా, గోడకు మరీ ఆనుకోకుండా, ఒక మూలవైపుకు జరిగి కూర్చోబెట్టండి.

తరువాత చప్పుళ్ళ పని పట్టాలి. గదిలో నిలబడి కళ్ళు మూసుకొని ఒక నిమిషం వినండి. ట్యూబులైటు చోక్ జుమ్ముమంటుంది. ఇన్వర్టరు మూలుగుతుంది. వంటింట్లో ఫ్రిజ్ ఆగి ఆగి మోగుతుంది. మన చెవి వీటికి అలవాటుపడి పట్టించుకోదు, మైకుకు ఆ అలవాటు లేదు. పంకా ఆపండి. ఎండాకాలమైతే పది నిమిషాలు రికార్డు చేయడం, ఐదు నిమిషాలు పంకా వేయడం అని ముందే చెప్పి పెట్టుకుంటే పెద్దవారికి ఇబ్బంది ఉండదు. ఫ్రిజ్ ఆపితే మీ బండి తాళంచెవిని అందులోనే పెట్టండి. మళ్ళీ వేయకుండా ఆ ఇంటినుంచి బయలుదేరలేరు. నవ్వులాటకు చెప్పడం లేదు. ఒక ఇంట్లో రెండు రోజుల పాలు విరగ్గొట్టిన తరువాత నేర్చుకున్న జాగ్రత్త ఇది.

మీ అవగాహనను పరీక్షించుకోండి
(అ) దూరం నుంచి రికార్డు చేసిన మాటను తరువాత పెంచితే సమస్య ఎందుకు తీరదు?
(ఆ) మీ ఇంట్లో రికార్డింగుకు అన్నిటికన్నా అనువైన గది ఏది? కారణాలు రాయండి.

4. మైకు లోపల ఏం జరుగుతుంది

ఏ మైకులోనైనా ఒక పలుచని పొర ఉంటుంది. గాలిలో వచ్చే ఒత్తిడి మార్పులకు అది కదులుతుంది. ఆ కదలికను విద్యుత్తుగా మార్చే పద్ధతిని బట్టి మైకులను విభజిస్తారు.

డైనమిక్ మైకులో ఆ పొరకు సన్నని తీగచుట్ట అతికి ఉంటుంది. అయస్కాంతం మధ్య అది కదిలినప్పుడు విద్యుత్తు పుడుతుంది. సభావేదికల మీద, భజనల్లో మీరు చూసే చేతిమైకులు చాలావరకు ఇవే. మొరటుగా వాడినా పాడవవు, విడిగా విద్యుత్తు అక్కర్లేదు, కాని నోటికి దగ్గరగా పట్టుకోవాలి. కండెన్సర్ మైకులో రెండు పలకలుంటాయి, వాటిలో ఒకటి కదిలే పొర. పలకల మధ్య దూరం మారినప్పుడు విద్యుత్ సంకేతం వస్తుంది. ఇవి సున్నితమైనవి, వీటికి బయటినుంచి విద్యుత్తు ఇవ్వాలి. స్టూడియోల్లో వాడే కండెన్సర్ మైకుకు సాధారణంగా 48 వోల్టులు కావాలి. దాన్ని మిక్సరో రికార్డరో మైకు తీగ ద్వారానే పంపుతుంది. ఫోనులో ఉన్న చిన్న రంధ్రం ఆ 48 వోల్టులు ఇవ్వలేదు. అందుకే అందంగా ఉందని స్టూడియో మైకు కొని, తీగ మార్చి ఫోనుకు తగిలించి, ఏమీ వినిపించడం లేదని బాధపడేవారిని ప్రతి ఏటా చూసేవాణ్ణి.

1962లో బెల్ ప్రయోగశాలల్లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, ఒకసారి ఆవేశాన్ని ఇస్తే దాన్ని ఏళ్ళ తరబడి నిలుపుకునే పలుచని పొరతో ఒక కండెన్సర్ మైకును తయారుచేశారు. దీన్నే ఎలెక్ట్రెట్ మైకు అంటారు. చిన్నది, చవకైనది, కొద్ది వోల్టులతో పనిచేస్తుంది. చొక్కాకు తగిలించే కాలర్ మైకు సామాన్యుడికి అందిందంటే దానివల్లే. మీ ఫోనులో ఉన్నది సిలికాన్ చిప్పు మీద తయారయ్యే మరింత చిన్న రకం.

మైకు ఏ దిశనుంచి ఎక్కువగా వింటుందన్నది మరొక విభజన. అన్ని దిక్కులనుంచీ సమానంగా వినేదాన్ని ఆమ్నీ అంటారు. ముందునుంచి ఎక్కువగా, వెనకనుంచి బాగా తక్కువగా వినేదాన్ని, దాని గ్రహణ పటం హృదయాకారంలో ఉంటుంది కాబట్టి, కార్డియాయిడ్ అంటారు. పొడవాటి గొట్టంలా ఉండే గన్ మైకు ముందున్న ఇరుకైన మేరలోని ధ్వనిని పట్టి, పక్కలనుంచి వచ్చేదాన్ని తగ్గిస్తుంది. కెమెరాలోని జూమ్ దూరపు వస్తువును దగ్గరకు తెచ్చినట్టు గన్ మైకు దూరపు మాటను దగ్గరకు తెస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అది పక్క చప్పుళ్ళను తగ్గిస్తుందంతే. పైగా చిన్న గదిలో, గోడల మోత అన్ని వైపులనుంచీ గొట్టంలోకి చేరి గొంతును విచిత్రంగా మారుస్తుంది. ఆరుబయట పొలంగట్టు మీద దానికి తిరుగులేదు. పది అడుగుల గదిలో మాత్రం మామూలు కార్డియాయిడ్ మేలు.

5. ఏది కొనాలి

ముఖాముఖికి, పాఠం చెప్పే వీడియోకు, ఒక్కరు మాట్లాడే దేనికైనా ముందుగా తీగ ఉన్న కాలర్ మైకు కొనండి. వెయ్యి రూపాయల అటూ ఇటూలో పనికొచ్చేది దొరుకుతుంది. అది నోటికి జానెడు దూరంలో ఉంటుంది, ఆ మనిషి ఎటు తిరిగినా ఆ దూరం పెద్దగా మారదు. రెండో విభాగంలో చెప్పిన లెక్కంతా దీనికి అనుకూలంగా ఉంది.

తీగ లేని కాలర్ మైకులు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. నడుస్తూ మాట్లాడే సన్నివేశాలకు, పొలంలో, సంతలో ఇవి ఎంతో సుఖం. వీటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తాయి. వైఫై కూడా వాడే పట్టీ అది. జనం, ఫోన్లు కిక్కిరిసిన చోట మాట మధ్యలో తెగిపోవచ్చు. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఈ తరంగాలను అడ్డుకుంటుంది. పరికరాన్ని వీపువెనక తగిలించి, మనిషిని కెమెరా వైపు తిప్పితే అందుకే ఇబ్బంది వస్తుంది. కొన్ని పరికరాలు తమలోనే ఒక నకలు రికార్డు చేసుకుంటాయి. తిరిగి దొరకని మాటల కోసం వెళ్ళేవారు ఆ సౌకర్యం ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లను మైకుగా వాడకండి. వినడానికి అవి బాగున్నా, వాటి మైకును వాడటం మొదలుపెట్టగానే సాధారణంగా ధ్వని నాణ్యత టెలిఫోను స్థాయికి దిగిపోతుంది. మాటకు స్పష్టతనిచ్చే పైస్థాయి పౌనఃపున్యాలు, 'స', 'శ', 'ష'లను వేరుచేసే సిసీనాదం, అన్నీ అందులో పోతాయి.

చేతిలో ఇమిడే విడి రికార్డరు రెండో దశలో కొనవలసిన వస్తువు. బృందగానం, కోలాటం, డప్పు వంటివి రికార్డు చేసేవారికి ఇది బాగా ఉపయోగపడుతుంది. ఏమీ కొనలేని వారు ఇంట్లో ఉన్న రెండో ఫోనునే రికార్డరుగా వాడవచ్చు. ఒక ఫోను దృశ్యం తీస్తుంది, రెండోది విమానం మోడ్‌లో ఆ మనిషి చొక్కా జేబులోనో, చట్రానికి కాస్త కిందుగా బల్లమీదో ఉండి మాట పట్టుకుంటుంది. దీన్ని తక్కువగా చూడకండి. పది అడుగుల దూరంలో ఉన్న ఖరీదైన కెమెరా కన్నా ఇది మేలైన మాటను ఇస్తుంది.

హెడ్‌ఫోన్లు మాత్రం తప్పనిసరి. చెవిని పూర్తిగా మూసే రకమైతే మంచిది. కంటితో చూడకుండా ఫోటో తీయం కదా, చెవితో వినకుండా ధ్వనిని రికార్డు చేయడమెందుకు? చాలా ఫోన్లలో రికార్డు అవుతుండగా వినడం కుదరదు. అప్పుడు ముందుగా అర నిమిషం తీసి, విని, ఆ తరువాతే అసలు పని మొదలుపెట్టండి.

6. ప్లగ్గుల గొడవ

కాలర్ మైకు చివర ఉండే 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గును దగ్గరగా చూడండి. దాని మీద రెండు నల్లని గీతలుంటే మూడు స్పర్శభాగాలున్నట్టు, అది కెమెరాలకు, రికార్డర్లకు సరిపోతుంది. మూడు గీతలుంటే నాలుగు భాగాలున్నట్టు, అది ఫోన్లకు సరిపోతుంది. ఒకదాని బదులు మరొకటి గుచ్చితే లోపలికి చక్కగా వెళుతుంది, ధ్వని మాత్రం రాదు లేదా పీలగా వస్తుంది. చిన్న మార్పిడి తీగ దీనికి విరుగుడు. ఆ రంధ్రమే లేని ఫోన్లకు, ఛార్జింగు రంధ్రంలో పెట్టే మార్పిడి వాడాలి. లోపల ధ్వనిని అంకెలుగా మార్చే చిప్పు ఉన్నదాన్నే అడిగి తీసుకోండి. అది లేనివి కొన్ని ఫోన్లతో మాత్రమే పనిచేస్తాయి.

మైకు తగిలించినంత మాత్రాన ఫోను దాన్నే వాడుతోందనుకోకండి. కొన్ని కెమెరా యాప్‌లు బయటి మైకును పట్టించుకోవు. తేల్చుకోవడం తేలిక. రికార్డింగు మొదలుపెట్టి కాలర్ మైకు తలను గోటితో మెల్లగా గీకండి. తరువాత ఫోను అడుగుభాగాన్ని గీకండి. విన్నప్పుడు ఏ గీకుడు గట్టిగా వినిపిస్తే ఆ మైకు పనిచేస్తున్నట్టు.

7. మైకును తగిలించడం

గడ్డానికి జానెడు కింద, రొమ్ము మధ్యలో పెట్టాలి. మరీ గడ్డం కిందికి జరిపితే గొంతు మూసుకుపోయినట్టు ఉంటుంది, తల వంచినప్పుడల్లా మారిపోతుంది. తీగను మైకుకు కొద్ది దిగువన ఒక చుట్టు చుట్టి క్లిప్పులోనే ఇరికిస్తే, కింద ఎక్కడో తీగ లాగినా ఆ కదలిక మైకుదాకా రాదు.

మన కట్టుబొట్టుతో వచ్చే చిక్కులను విదేశీ పుస్తకాలు చెప్పవు. పట్టుచీర ప్రతి కదలికకూ గరగరమంటుంది. నూలుచీర అయితే నయం. నల్లపూసలు, గొలుసులు మైకుకు తగులుతూ టిక్కుటిక్కుమంటాయి. మైకును వాటికి పైనో, భుజం వైపు పైట అంచుమీదో తగిలించండి. చేతులు ఊపుతూ మాట్లాడేవారి గాజులు మోగుతాయి. వాటిని తీయమని మాత్రం అడగకండి. దానివల్ల కలిగే నొప్పి ముందు ఆ చప్పుడు లెక్కలోది కాదు. పెద్దాయన కండువా జారి మైకును కప్పేయకుండా రెండో వైపు వేసుకోమనవచ్చు. స్త్రీలకు మైకును మీరు తగిలించబోకుండా ఎలా పెట్టుకోవాలో చూపించి, వారినే పెట్టుకోనివ్వండి, లేదా ఇంట్లో ఆడవారి సాయం తీసుకోండి.

బయట గాలి అసలు శత్రువు. చిరుగాలి కూడా మైకు పొరను నేరుగా కొట్టి, గుడ్డ చింపుతున్నట్టు రికార్డు అవుతుంది. దాన్ని తరువాత తీసేయడం దాదాపు అసాధ్యం. మైకుతో వచ్చే స్పాంజి తొడుగు ఇంట్లో నోటిగాలిని, 'ప', 'బ', 'భ' పలికేటప్పుడు వచ్చే తాకిడిని తగ్గిస్తుంది. ఆరుబయటకు బొచ్చు తొడుగు కావాలి. అదీ లేకపోతే మాట్లాడేవారిని గాలికి వీపు పెట్టి కూర్చోబెట్టండి.

8. మట్టం

డిజిటల్ రికార్డింగులో మట్టానికి ఒక పైకప్పు ఉంటుంది. దాన్ని సున్నా డెసిబెల్స్ అంటారు, మిగతావన్నీ దాని కింద రుణసంఖ్యల్లో ఉంటాయి. కుంచం నిండిన తరువాత పోసిన గింజలు నేలపాలైనట్టు, సున్నా దాటిన ధ్వని తల తెగి పోతుంది. మిగిలేది పగిలిన చప్పుడు. మాటల్లోని గట్టి భాగాలు మైనస్ 12 దగ్గర తగులుతూ, ఎప్పుడైనా మైనస్ 6కు చేరేలా గెయిన్ ఉంచండి. ఆ పైన మిగిలిన ఖాళీ, హఠాత్తుగా నవ్వితేనో కోపంతో గొంతు పెంచితేనో అవసరమవుతుంది.

మట్టం చూడటానికి "హలో, వన్, టూ, త్రీ" అనిపించకండి. అలా అన్నప్పుడు ఎవరూ తమ అసలు గొంతుతో మాట్లాడరు. "బాబాయిగారూ, పొద్దున ఏం తిన్నారు, ఎవరు వండారు?" అని అడిగి, ఆ జవాబుతో సరిచేసుకోండి. అయినా అసలు విషయంలోకి దిగాక గొంతు ఇంకా పెరుగుతుందనే అనుకోండి. రికార్డరులోగాని యాప్‌లోగాని మట్టాన్ని తనంతట తానే మార్చే ఏర్పాటు ఉంటే దాన్ని ఆపివేయండి.

నమూనా రేటును 48,000 హెర్ట్జ్‌గా పెట్టుకోండి. వీడియో రంగంలో ఇదే ప్రమాణం. సీడీలకు వాడిన 44,100ను ఇక్కడ కలపకండి. మనిషి చెవి వినగలిగేది దాదాపు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. ఒక పౌనఃపున్యాన్ని నమోదు చేయాలంటే సెకనుకు దానికి రెట్టింపు కన్నా ఎక్కువ నమూనాలు కావాలి, కాబట్టి 48,000 సరిపోతుంది. 24 బిట్లు అందుబాటులో ఉంటే 16కు బదులు వాడండి. ఒక్కో బిట్టుకు సుమారు 6 డెసిబెల్స్ వెసులుబాటు కలుస్తుంది కనుక కాస్త తక్కువ మట్టంలో రికార్డు చేసినా నష్టం ఉండదు. 32 బిట్ల ఫ్లోట్ రికార్డర్లు కూడా వచ్చాయి. వాటిలో మట్టం ఎక్కువైనా తరువాత దించుకోవచ్చు. కాని మైకే తట్టుకోలేనంత చప్పుడైతే అవీ ఏమీ చేయలేవు.

మీ అవగాహనను పరీక్షించుకోండి
(ఇ) మైనస్ 12 దగ్గర ఎందుకు ఆగాలి? సున్నా దాకా ఎందుకు పోకూడదు?
(ఈ) ఆరుబయట ఒక రైతుతో, చిన్న గదిలో ఒక ఉపాధ్యాయురాలితో ముఖాముఖి తీయాలి. ఏ మైకును ఎక్కడ వాడతారు?

9. విడిగా రికార్డు చేసి కలపడం

దృశ్యం ఒక పరికరంలో, ధ్వని మరొక దానిలో ఉంటే రెండింటినీ జతచేయాలి. రెండూ నడుస్తుండగా కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగులో అరచేతులు తాకిన ఫ్రేమునూ, ధ్వని పటంలో సూదిమొనలా లేచిన గీతనూ ఒకే నిలువులో పెడితే పని అయిపోతుంది. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, పది మీటర్ల దూరంలో కొట్టిన చప్పట్లు ముప్పై మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరతాయి. అందుకని మైకు దగ్గరే కొట్టండి.

రెండు పరికరాల గడియారాలు సరిగ్గా ఒకేలా నడవవు. గంటసేపు ఆపకుండా తీస్తే చివరికి పెదవికీ మాటకూ ఒకటి రెండు ఫ్రేములు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, తేడా రావచ్చు. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని కూడా వెలుతురును బట్టి మార్చుకుంటాయి. పదిహేను నిమిషాలకోసారి ఆపి, మళ్ళీ చప్పట్లు కొట్టి మొదలుపెడితే ఈ బాధ ఉండదు.

10. మగ్గం దగ్గర: ఒక ఉదాహరణ

మీరు మంగళగిరిలో ఒక నేతగాని మీద పది నిమిషాల వీడియో తీస్తున్నారనుకుందాం. గుంటమగ్గం ఉన్న చిన్న గది. ఆయన నేస్తూ మాట్లాడితే చూడటానికి బాగుంటుందని మీకనిపిస్తుంది. కాని నాడె పరుగు, పలక దెబ్బ మాటలకన్నా ఎంతో గట్టివి. ఒకే మైకుతో రెండింటినీ పడితే మాట పోతుంది, మగ్గమూ పగిలినట్టు వస్తుంది.

అందుకని మగ్గం ఆపి, ఆయన కూర్చున్న గుంటలోనే ఉండగా కాలర్ మైకుతో మాటలు రికార్డు చేయండి. మగ్గం ఆగితే ఆయనకు ఆ మేరకు కూలి పోతుంది. కాబట్టి భోజనవేళో, సాయంత్రం పని ముగించాకో మీకు వీలు చూసుకోమని ముందే అడగండి. ఇంకో రోజు, ఆయన పనిలో ఉండగా వెళ్ళి, గెయిన్ బాగా తగ్గించి మగ్గం ధ్వనిని పట్టండి: ఒకసారి నాడె పోయే చోట, ఒకసారి పలక దగ్గర, ఒకసారి కాళ్ళ కింద తొక్కుడు కర్రల దగ్గర. ఒక్కొక్కటి రెండు మూడు నిమిషాలు. ఎడిటింగులో నేత దృశ్యాల మీద ఆయన మాటలను పరిచి, వాటి కింద మగ్గం ధ్వనిని 15 నుంచి 20 డెసిబెల్స్ తక్కువలో ఉంచండి. ఆయన మాట ఆపిన చోట మగ్గాన్ని పైకి తెచ్చి రెండు క్షణాలు వినిపించనివ్వండి.

బయలుదేరే ముందు అందరినీ కదలకుండా కూర్చోమని, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేయండి. వింతగా చూస్తారు, నవ్వుతారు కూడా, ఫరవాలేదు. మాటల మధ్య దగ్గో తడబాటో కోసేసినప్పుడు ఆ ఖాళీలో శుద్ధ నిశ్శబ్దం పెడితే వినేవారికి గతుకు తగిలినట్టుంటుంది. ఆ గది నిశ్శబ్దాన్ని అతికిస్తే కోత తెలియదు. తరువాత ఆ ఇంట్లోనే కూర్చొని, మొదటి నిమిషం, మధ్యలో ఒక నిమిషం, చివరి నిమిషం హెడ్‌ఫోన్లతో వినండి. మళ్ళీ అడగవలసింది ఏదైనా ఉంటే మనిషి ఎదురుగానే ఉన్నారు. ఆ రాత్రే ఫైళ్ళను మరొక చోటికి నకలు చేసి, పేరు, ఊరు, తేదీ రాసి ఉంచండి.

అభ్యాసం

మీ ఇంట్లోగాని ఇరుగుపొరుగున గాని అరవై ఏళ్ళు దాటిన ఒకరిని ఎంచుకొని, వారి అనుమతితో ఐదు నిమిషాలు వారి చిన్ననాటి ఊరి గురించి మాట్లాడించి వీడియో తీయండి. మొదటి రెండు నిమిషాలు ఫోనును ఎనిమిది అడుగుల దూరంలో ఉంచి దాని సొంత మైకుతో, మిగిలిన మూడు నిమిషాలు కాలర్ మైకుతో గాని రెండో ఫోనుతో గాని రికార్డు చేయండి. తరువాత ఆ విషయం తెలియని ఒక మిత్రుడికి దృశ్యం లేకుండా ధ్వని మాత్రమే వినిపించి, అతనికి అర్థమైనవి వాక్యాలుగా రాయమనండి. రెండు భాగాల్లో అతను రాయలేకపోయిన మాటలెన్నో లెక్కపెట్టి, ఆ కాగితాన్ని సంపర్క తరగతికి తీసుకురండి. అసలు ఫైలు నకలును మాట్లాడినవారి ఇంట్లో ఇవ్వండి.